సాంచల పక్కన పెరిగిన కుక్క

కాదు కాదు, అది మొదట్నుంచీ ముత్యం కుక్క కాదండీ. మొన్న మీకు అక్కడే తప్పు చెప్పాను. చెబుతుండగా పాలు పొంగిపోయాయి, ఆ కంగారులో కుక్కను ముత్యానికి అంటగట్టి లేచిపోయాను. అసలు యజమాని మన్సుఖ్ శేఠు. ముత్యం పనిచేసే కార్ఖానా ఆయనదే. మళ్లీ మొదట్నుంచి చెబుతాను. ముప్పై మూడేళ్లు తెలుగు బడిలో పాఠాలు చెప్పినదాన్ని, మధ్యలోంచి అందుకోవడం నాకు రాదు.

ముత్యం మా గోడాదరా సొసైటీలోనే కింది అంతస్తులో, మెట్ల పక్క గదిలో అద్దెకుంటాడు. పదహారేళ్ల వయసులో సిరిసిల్ల వైపు నుంచి వచ్చాడు. వచ్చిన మర్నాడే సాంచల మీద నిలబెట్టారు. సాంచలంటే మరమగ్గాలు, సూరత్‌లో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. ఇరవై ఎనిమిదేళ్లుగా అలాగే నిలబడి ఉన్నాడు. ఒకే షెడ్డులో నలభై ఎనిమిది సాంచలు, రోజుకు పన్నెండు గంటలు. కాబట్టి చెవులు పోయాయి. పూర్తిగా కాదు.

"ముప్పావు పోయినయి టీచరమ్మా, పావు నా బిడ్డ కోసం దాసుకున్న" అంటాడు.

ఆ బిడ్డ మౌక్తిక. బడిలో చేర్పించడానికి తీసుకొచ్చిన రోజున పేరేమిటంటే, ఇంట్లో చిన్నీ అంటున్నాం, అసలు పేరు ఇంకా పెట్టలేదన్నాడు. ముత్యం కూతురు కదా అని నేనే మౌక్తిక అని రాసేశాను. భార్య పేరు వజ్రమ్మ. ఇంట్లో ముగ్గురి పేర్లలోనూ రత్నాలే, ఒంటి మీద మాత్రం ఎవరికీ ఏమీ లేవు.

వినపడని మనిషి కాబట్టి గట్టిగా మాట్లాడతాడు. వజ్రమ్మ చెవిలో రహస్యం చెబితే మూడో అంతస్తులో ఉన్న నాకు తెలుస్తుంది. వాళ్లింట్లో ఏం కూర వండారో, ఎందులో ఉప్పు ఎక్కువైందో పదేళ్లుగా నేను అడగకుండానే తెలుసుకుంటున్నాను.

సాంచల షెడ్డులో పక్కవాడి మాట ఎవరికీ వినపడదు. అందుకని వాళ్ల మాటలన్నీ వేరేగా ఉంటాయి. పెదాలు చూసి ఏమంటున్నాడో పట్టుకుంటారు. పోగు తెగితే రెండు వేళ్లు చూపిస్తారు. పొట్ట నిమురుకున్నారంటే శేఠు వస్తున్నాడని. ఎవరినైనా పిలవాలంటే వెనక నుంచి వెళ్లి భుజం మీద తట్టడమే. వాళ్లకు పిలుపంటే అదే. ముత్యం పక్క సాంచల మీద బ్రహ్మచారి అని ఒకతను పనిచేస్తాడు, మా సొసైటీలోనే రెండో అంతస్తు. పేరు మాత్రం బ్రహ్మచారి, ముగ్గురు పిల్లలు. వీళ్లిద్దరూ ఇరవై ఏళ్లుగా ఒకరినొకరు తట్టుకుంటూ బతుకుతున్నారు.

ఇక కుక్క. 2018 దీపావళి అయ్యాక కార్ఖానాలో నూలు బాబిన్లు మాయమవుతున్నాయని శేఠు ఒక పిల్లను కొనుక్కొచ్చాడు. రాట్‌వైలర్ అని ఎవరో చెప్పి అమ్మారు. షేరూ అని పేరు పెట్టాడు. ముత్యం సాంచల వెనక, తలుపు పక్కనున్న ఇనుప స్తంభానికి నాలుగడుగుల గొలుసుతో కట్టేశాడు. కుక్కతో శేఠుకు ఉన్న సంబంధం అంతటితో ముగిసింది.

అది అక్కడే పెరిగింది. చప్పుడు, నూలు దుమ్ము, నాలుగడుగుల నేల. రోజుకొకసారి ఎవరో ఒకరు ఇంత అన్నం వేసేవారు. ఏడాదిలో ఇద్దరిని కరిచింది. ఒకతను బాబిన్లు మోసేవాడు, ఇంకొకతను సాంచలకు నూనె వేసేవాడు. ఇద్దరూ ఒకే మాట చెప్పారు. మొరగలేదు, గుర్రుమనలేదు, వెళ్లి తడితే తిరిగి సీదా కరిచేసింది అని. శేఠు సంతోషించాడు. "అసలీ జాత్ హై" అన్నాడట. ఆ జాతి అంతేనట, చెప్పకుండా కరుస్తుందట. పైగా ఆ గుణానికే డబ్బు పోశానని అందరికీ చెప్పుకున్నాడు.

తరువాత లాక్‌డౌన్ వచ్చింది. సాంచలన్నీ ఆగిపోయాయి. నేను సూరత్ వచ్చి నలభై ఏళ్లయింది, గోడాదరా చప్పుడు చేయకుండా ఉండటం అప్పుడే చూశాను. కుక్కర్ కూత ఎవరింట్లోదో గుర్తుపట్టగలిగేవాళ్లం. శేఠు తాళంచెవి ముత్యం చేతిలో పెట్టి, కుక్కకు అన్నం వేస్తుండమని చెప్పి, అమ్రేలి దగ్గర తన ఊరికి వెళ్లిపోయాడు. మే నెలలో రైళ్లు వేస్తే మనవాళ్లు సగం మంది వెళ్లిపోయారు. ముత్యం వెళ్లలేదు. కుక్క కోసం ఉండిపోయానని ఎవరితో చెప్పుకుంటాడు? మౌక్తిక చదువు పాడవుతుందని చెప్పేవాడు. బడులన్నీ మూసే ఉన్నాయి.

దారిలో పోలీసులు ఆపేవారు. మాస్కు కట్టుకున్న పోలీసు ఏమడుగుతున్నాడో ముత్యానికి తెలిసే మార్గం లేదు. అందుకని ఏమడిగినా "కుత్తే కా ఖానా, సాబ్" అని టిఫిన్ డబ్బా ఎత్తి చూపించేవాడు. పేరేమిటన్నా అదే జవాబు. వారం తరువాత వాళ్లు ఆపడం మానేశారు.

మధ్యలో ముత్యానికి దగ్గు పట్టుకుంది. ఆ రోజుల్లో దగ్గితే ఎవరూ బయటికి వెళ్లకూడదు కదా. అన్నం తీసుకుని వజ్రమ్మ వెళ్లింది. వజ్రమ్మ సాంచల మీద పనిచేసిన మనిషి కాదు. ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అంటిస్తుంది. రెండు చెవులూ నిక్షేపంగా ఉన్నాయి. తిరిగొచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"నీ కుక్క గుర్రుమంటది గదా!"

"ఏందీ?"

"గుర్రుమంటది. నేను తలుపు తీసినకాడికెల్లి ఆగేదాంక గుర్రుమన్నది. నేను ఆగిన, అది ఆపింది."

"గది మూగది. ఏడాదిన్నర సంది సూస్తున్న, ఒక్క మాట అనలె."

"అది మూగది కాదయ్యా, నువ్వు చెవిటోనివి."

ముత్యానికి దగ్గు తగ్గాక ఇద్దరూ కలిసి వెళ్లారు. కుక్క గుర్రుమంటే వజ్రమ్మ చేయి ఎత్తేది, ముత్యం ఆగేవాడు. అది ఆపగానే చేయి దించేది, ముత్యం ఒక అడుగు వేసేవాడు. కుక్కకూ మనిషికీ మధ్య దుబాసీ అన్నమాట. ఆ నాలుగడుగులు నడవడానికి తొమ్మిది రోజులు పట్టింది. పదో రోజున అది ముత్యం మోకాలి మీద తల పెట్టి పడుకుంది. ఇదంతా నాకు అప్పుడు తెలియదు సుమండీ, నిన్న వజ్రమ్మ చెబితేనే తెలిసింది. మీకు వరసలో చెప్పాలి కాబట్టి ముందే చెబుతున్నాను.

జూన్‌లో శేఠు తిరిగొచ్చి చూస్తే కుక్క తోక ఊపింది. శేఠుకు మనసు విరిగిపోయింది. "కుత్తా బిగాడ్ దియా" అన్నాడు, కుక్కను చెడగొట్టేశావని. తోక ఊపేదాన్ని కాపలాకు ఏం చేసుకుంటాం, తీసుకుపో, లేదా ఎక్కడైనా వదిలిపెట్టు అన్నాడు. ముత్యం తీసుకొచ్చి మా సొసైటీ మెట్ల కింద కట్టేశాడు. అదిగో, అప్పటినుంచి అది ముత్యం కుక్క.

సొసైటీలో ఎవరికీ నచ్చలేదు. నాకూ నచ్చలేదు, అబద్ధమెందుకు. తలకాయ ఇంత, దవడలు ఇంత. మౌక్తిక దాన్ని పశువుల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లి సూదులు వేయించింది. ఏమన్నాడే అని అడిగాను.

"ఆధా రాట్‌వైలర్, ఆధా గల్లీ కుక్క అన్నడు టీచర్. శేఠ్‌ను ఎవరో ఉల్లూ బనాయించి అంటగట్టిండ్రు."

"మరి కరుస్తుందా?"

"ఏ కుక్కైనా కరుస్తదంట. ఇది కరిస్తే కుట్లు పడ్తయి, జాతిది గంతే ఫరక్ అంట. మిగిలిందంతా పెంచేటోళ్ల చేతుల ఉంటదంట."

కుట్లు పడ్డాయి. పోయిన ఆదివారం పొద్దున. ముత్యం పాల కోసం వెళ్లాడు. కుక్క మెట్ల కింద కట్టేసి ఉంది. నేను బాల్కనీలో కూర్చుని మెంతికూర తుంచుతున్నాను. కింద నుంచి గుర్రుమని చప్పుడు వినపడింది. నీళ్ల మోటారు ఖాళీగా తిరుగుతోందనుకున్నాను. మోటారు స్విచ్ మా గుమ్మం పక్కనే ఉంటుంది. వెళ్లి నొక్కాను. చప్పుడు ఆగలేదు. మళ్లీ నొక్కాను. ఇంకా ఎక్కువైంది. ఈ స్విచ్ పాడైందని మా సొసైటీ పెద్ద లక్ష్మీకాంత్‌కు చెప్పాలి అనుకుంటుండగా బ్రహ్మచారి కేక వినపడింది.

కుడి చేయి. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య ఐదు కుట్లు. పోగు ముడివేసే చేయి అది. నెల రోజులు సాంచల దగ్గరకు వెళ్లకూడదన్నారు.

మంగళవారం సాయంత్రం సొసైటీ ఆవరణలో మీటింగు పెట్టారు. లక్ష్మీకాంత్ మా ప్రముఖ్, అంటే ఇక్కడివాళ్ల లెక్కలో అధ్యక్షుడు. బట్టల మార్కెట్‌లో చీరల దుకాణంలో గుమాస్తా. కుర్చీలన్నీ దూరం దూరంగా వేయించాడు, అందరూ మాస్కులు పెట్టుకున్నారు. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని రిజిస్టర్ ఎప్పుడూ నాచేత రాయిస్తారు. వచ్చిన పద్నాలుగు మందిలో పదిమంది సాంచల మీద పనిచేసేవాళ్లు.

"ప్రముఖన్నా, జర మాస్కు కిందికి గుంజు. నువ్వేమంటున్నవో కనిపిస్తలేదు" అన్నాడు బ్రహ్మచారి.

"కనిపించుడేంది? ఇనపడ్తలేదా?"

"అదే."

"మాస్కు దించితే వెయ్యి రూపాయలు ఫైన్. ప్రముఖే తప్పు చేస్తే ఎట్ల?" అని లక్ష్మీకాంత్ మాస్కు ఇంకాస్త పైకి లాక్కున్నాడు.

ఆ విధంగా పదిమందికి ఆ మీటింగు కనపడలేదు. ముత్యం వెనక వరసలో కూర్చుని అందరి కళ్లవైపూ చూస్తున్నాడు.

బ్రహ్మచారి లేచి కట్టు చూపించాడు.

"అది మొరగలె, గుర్రుమనలె. ఉత్తగ నిలబడ్డది. నేను పోయి షేరూ అని ఎన్కకెల్లి జర తట్టిన, గంతే. మర్లి కరిసింది. ఇరవై ఏండ్ల సంది ముత్యాన్ని తడుతున్న, ముత్యం ఒక్కనాడన్న కరిసిండా?"

వినపడినవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే రాశాను: "కుక్క ఎటువంటి హెచ్చరికా లేకుండా కరిచినది." వెనక నుంచి తట్టాను అన్న మాట అక్కడ ఎవరికీ ఎబ్బెట్టుగా అనిపించలేదు. అందరూ అలాగే పిలుచుకునేవాళ్లు మరి.

తరువాత జాతి గురించి చర్చ జరిగింది. ఆ జాతే అంత అని కొందరు, శేఠు కట్టేసి పెంచితే ఇంకెట్లుంటది అని ఒకరిద్దరు. అది సగమే ఆ జాతి అని నేను చెప్పాను, మౌక్తిక చెప్పింది కాబట్టి. లక్ష్మీకాంత్ వేలు ఎత్తాడు.

"సగమే అంటున్నరు. మరి కరిసింది ఏ సగం?"

నేను "జాతి విషయమై చర్చించినాము" అని రాశాను.

చివరికి తీర్మానం చేశారు. లక్ష్మీకాంత్‌కు తెలిసిన ఒకాయనకు ఇచ్ఛాపూర్ దగ్గర మిషన్ల షెడ్డు ఉంది, కాపలాకు కుక్క కావాలట. ఆదివారం పది గంటలకు టెంపో వస్తుంది, షేరూను ఎక్కించాలి. లేదంటే ముత్యం గది ఖాళీ చేయాలి.

"ముత్యం, మంజూరేనా?" అని గట్టిగా అడిగాడు లక్ష్మీకాంత్.

ముత్యం తల ఊపాడు. "ముత్యం ఒప్పుకున్నాడు" అని రాసి, కింద గీత కూడా గీశాను.

సంతకం ఆ రోజు పెట్టించడం మరిచిపోయాను. నిన్న శుక్రవారం రిజిస్టర్ పట్టుకుని వెళ్లాను. గుమ్మం బయట దూరంగా నిలబడి, నా మాటలు పట్టుకుంటాడని మాస్కు కిందికి దించి తీర్మానం చదివాను.

"ఏ కుక్క?" అన్నాడు ముత్యం.

"షేరూ."

"ఏడికి?"

"ఇచ్ఛాపూర్. ఎల్లుండి పది గంటలకు."

"ఎవలన్నరు?"

"నువ్వే ఒప్పుకున్నావు కదయ్యా. తల ఊపావు."

"అందరివి ఊగుతున్నయి, నేను ఊపిన" అన్నాడు. అని గుమ్మంలో కూర్చున్నాడు. కుక్క లోపల మంచం కింద ఉంది, అది కూడా లేచి వచ్చి పక్కన కూర్చుంది.

"మళ్ల మిషన్ల పక్కకే కడ్తరా?"

"షెడ్డన్నారు. మిషన్లు ఉంటాయి కదా."

"గాడ దాని మాట ఎవలింటరు?" అన్నాడు.

ఈ మాట చిన్నగా అన్నాడు. పదేళ్లలో ముత్యం మాట పైకి వినపడకపోవడం అదొక్కసారే అనుకుంటాను. నేను ఎదురుగా ఉన్నాను కాబట్టి విన్నాను.

అప్పుడు వజ్రమ్మ లోపల నుంచి వచ్చి లాక్‌డౌన్‌లో జరిగిందంతా చెప్పింది. మీకు ఇందాక చెప్పానే, ఆ తొమ్మిది రోజుల సంగతి. చెప్పి అడిగింది.

"బ్రహ్మచారి ఎన్కకెల్లి తట్టిండా?"

"అలాగే అన్నాడు మీటింగులో."

"మరి అది గుర్రుమనకుండ ఉండదే. ముందుగాల చెప్పనిది అది ఎవ్వలి జోలికి పోదు."

"గుర్రుమనలేదన్నాడు."

"ఆయనకేమినపడ్తది టీచరమ్మా? ఆయనవి మాయనకంటె ఎక్కువ పోయినయి. మీరు పైన్నే ఉంటిరి గదా, మీకినపడలేదా?"

నేను మోటారు సంగతి చెప్పాను.

వజ్రమ్మ నావైపు చూసింది. ఫోన్లో ఉన్న మౌక్తిక తలెత్తి చూసింది. ముత్యానికి అర్థం కాలేదు కాబట్టి మౌక్తిక తండ్రి ముందుకు వచ్చి, స్విచ్ నొక్కినట్టు వేలితో చూపించి, కుక్కను చూపించి, నన్ను చూపించింది. సాంచలవాళ్ల పిల్ల కదా, మూడు సైగల్లో నా సంగతంతా చెప్పేసింది.

"ఎంతసేపు గుర్రుమన్నది టీచర్?" అంది.

"రెండుసార్లు స్విచ్ నొక్కినంతసేపు."

"శానసేపే" అంది మౌక్తిక.

నేను అనుకున్నట్టు ముత్యం నామీద కోపం తెచ్చుకోలేదు. తెచ్చుకుంటే నాకు తేలికగా ఉండేది.

"తప్పు నాది టీచరమ్మా" అన్నాడు, మళ్లీ మామూలు గొంతుతో, అంటే అన్ని అంతస్తులకూ. "నాకు ఎరికైనంక పక్క సాంచల మీదోనికి చెప్పాలె గదా. అది గుర్రుమంటది, మనకినపడదు, ముందటికెల్లి రా అని. చెప్పలె. మంది నడిసే మెట్ల కింద కట్టి పాలకు పోయిన. శేఠు స్తంభానికి కట్టిండు, నేను మెట్లకు కట్టిన. ఏం ఫరక్?"

"ఇప్పుడేం చేస్తావు?"

"ఇంట్లనే ఉంచుత. బయటికి తీస్తే నా చేతులనే గొలుసు. మూతికి కట్టే తీగల జాలీ తెస్త."

"దానిక్కూడా మాస్కే" అంది మౌక్తిక.

"బ్రహ్మచారి చెల్లె ఇంటికెల్లి వచ్చినంక, చెయ్యి మానేదాంక పొద్దుమాపు మా ఇంటి బువ్వే, మల్ల డబ్బా తిప్పి పంపినా సరే. గది ఎవలు చెప్పకున్నా చేస్త" అన్నాడు ముత్యం.

సంతకం పెట్టమని నేను అడగలేదు. రిజిస్టర్ చంకలో పెట్టుకుని పైకొచ్చేశాను.

ఈ పొద్దున లక్ష్మీకాంత్‌ను పట్టుకుని అంతా చెప్పాను. దుకాణానికి బయలుదేరుతూ మెట్ల మీదే విన్నాడు.

"టీచర్‌గారూ, మీరే రాసిన్రు, మీరే కాదంటున్రు. నేనెట్ల మార్చాలె? చెయ్యి పోయినోడు బ్రహ్మచారి. ఆయన పోనియ్ అంటే టెంపో వద్దంట. ఆయన అనకుంటే పది గంటలకొస్తది."

న్యాయంగానే మాట్లాడాడు. ఐదు కుట్లు పడింది లక్ష్మీకాంత్‌కూ కాదు, నాకూ కాదు.

బ్రహ్మచారి ఇప్పుడు ఇక్కడ లేడు. భార్యాపిల్లలు లాక్‌డౌన్‌లో ఊరికి వెళ్లినవాళ్లు ఇంకా రాలేదు. కట్టు కట్టిన చేత్తో వండుకోలేక గురువారం ఉధ్నాలో చెల్లెలింటికి వెళ్లాడు. ముత్యం ఇంటి నుంచి రెండు రోజులు బువ్వ వెళ్లిందట, మూడో రోజు డబ్బా తిప్పి పంపించాడట. ఆ కుక్క ఉన్న ఇంటి అన్నం నాకొద్దన్నాడని వజ్రమ్మ చెప్పింది. ఇరవై ఏళ్ల పక్క సాంచలవాళ్లు. అందుకని నాకు భయంగానే ఉంది. నెల రోజులు పని పోయిన మనిషికి, నువ్వు తట్టింది వెనక నుంచి అని చెప్పాలి. నీకు వినపడలేదు కానీ అది ముందే చెప్పింది అని కూడా చెప్పాలి. తప్పు నీదంటారా అని ఎదురు అడిగితే ఏమనాలో ఇంకా ఆలోచించుకోలేదు. తప్పు అతనిది కాదు. తట్టకపోతే ఆ షెడ్డులో ఎవరూ ఎవరినీ పిలవలేరు.

మామూలు ఫోన్ అతనికి పనికిరాదు. పదిసార్లు హలో అని పెట్టేస్తాడు. నా పెదాలు కనపడాలి. వీడియో కాల్ ఎలా చేయాలో మౌక్తిక మధ్యాహ్నం వచ్చి నేర్పించి వెళ్లింది, మూడుసార్లు నేర్పించింది. చెల్లెలు ఆరింటికి వంట మొదలుపెట్టక ముందే చేయమంది, ఫోన్ పట్టుకునేది ఆమే కాబట్టి. ఇప్పుడు ఐదు దాటింది. వెలుతురు ఉండగానే కిటికీ దగ్గర కూర్చుంటాను.

మొదట చేయి ఎలా ఉందని అడుగుతాను. తరువాత, ఆ గుర్రు నాకు వినపడిందని చెబుతాను.